హాలుకు రెండు బై రెండా, రెండు బై నాలుగా?

కల్లూరు కొత్తిల్లు:
కర్నూలులో కల్లూరు వైపు ఇల్లు కడుతున్నాం. ప్లాస్టరింగ్ అయిపోయింది, ఈ వారం టైల్స్ తేవాలి. హాలు 18 అడుగుల పొడవు, 13.5 వెడల్పు. మా ఆవిడ షోరూములో రెండు బై నాలుగు చూసి మనసు పారేసుకుంది. ఇటుకలు పేర్చినట్టు సగానికి సగం జరిపి వేయించాలంటుంది. మేస్త్రీ ఏమో "రెండు బై రెండు వేసుకోండి సార్, 18 అడుగులకు సరిగ్గా తొమ్మిది, కటింగే ఉండదు" అంటున్నాడు. మా అమ్మకైతే బేతంచెర్ల బండలు తప్ప ఏదీ నచ్చదు. ముగ్గురి మధ్య నాకు టెన్షన్.

అనంతపురం ఎర్రమట్టి:
అన్నా, ముందు మీ మేస్త్రీ లెక్కే తప్పు. షాపులో రెండు బై రెండు అంటారు గానీ పెట్టె మీద 600 మిల్లీమీటర్లని ఉంటుంది. రెండడుగులంటే 609 పైమాటే. తొమ్మిది టైల్స్ పరిచి, 2 మిల్లీమీటర్ల సందులు కలుపుకున్నా చివర్లో ఇంకో 7 సెంటీమీటర్లు మిగులుతుంది. మా హాల్లో అచ్చం ఇదే జరిగింది. గుమ్మం నుంచి వరసగా వేసుకుంటూ పోతే టీవీ గోడ కింద నాలుగు వేళ్ల పట్టీ తేలింది. వచ్చినోళ్లు టీవీ చూస్తారు, నేను ఆ పట్టీ చూస్తా. రెండు బై రెండే వేయాలనుకుంటే ఎనిమిది నిండు టైల్స్ మధ్యలోకి తెచ్చి, రెండు చివర్లా 33 సెంటీమీటర్ల ముక్కలు పెట్టమనండి.

మీ హాలుకు మాత్రం రెండు బై నాలుగే నప్పుతుంది. పొడవున నాలుగు నిండువి పోగా 67 సెంటీమీటర్ల ముక్క, వెడల్పున ఆరు పోగా 50 సెంటీమీటర్ల ముక్క వస్తుంది. రెండూ చూడ్డానికి బాగుంటాయి. కానీ సగానికి సగం వద్దని వదినకు చెప్పండి. పొడవు టైల్ నడుమ కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు పక్కన ఇంకో టైల్ అంచు వస్తే ఎగుడుదిగుడు కాలికి తగులుతుంది. తిన్నగా వేయించండి, లేదంటే మూడో వంతు మాత్రమే జరపండి. పెట్టెకు రెండు టైల్స్, సుమారు 15.5 చదరపు అడుగులు. తిన్నగా వేస్తే 18 పెట్టెలు చాలు. అన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా చూసుకోండి, తర్వాత తెస్తే షేడ్ కలవదు.

తాడిపత్రి కోడలు:
మా వైపు ఇంటి నిండా బండలే, కాబట్టి అత్తమ్మ తరఫున మాట్లాడతా. ఎండాకాలం మధ్యాహ్నం బండ మీద చాప కూడా వేసుకోకుండా పడుకుంటే ఆ సుఖమే వేరు. వరండాకు, మెట్లకు తప్పకుండా వేయించండి. నున్నటి టైల్ తడిసిందంటే ఎవరో ఒకరు జారి పడతారు. వంటింట్లో మాత్రం వద్దు. సున్నపురాయి కదా, నిమ్మరసమో చింతపండు పులుసో పడి కాసేపుంటే తెల్లమచ్చ పడుతుంది. మా పనమ్మాయి బాత్రూము యాసిడ్‌తో కడిగిన చోటు ఇప్పటికీ కనిపిస్తుంది.

కడప:
సైజు ఏదైనా కింద ఐదు ముద్దలు పెట్టి టైల్ అతికించే మేస్త్రీనైతే దగ్గరికి రానివ్వొద్దు. మా ఇంట్లో రోకలి జారిపడి మూల విరిగింది, చూస్తే కింద అంతా ఖాళీ. వేసిన మర్నాడు రూపాయి బిళ్లతో తట్టండి. గుల్లగా మోగితే అప్పుడే తీయించండి. ఇంకోటి, మీది నల్లరేగడి నేల అయితే లోపల పోసిన గరుసు నీళ్లు పట్టి బాగా దిమ్మిస చేశారా లేదా కనుక్కోండి. అది కుంగితే ఏ టైలూ నిలవదు.

కల్లూరు కొత్తిల్లు:
అందరికీ థ్యాంక్స్. నిన్న సుద్దముక్కతో గీతలు గీసి, పది టైల్స్ సిమెంటు లేకుండా పరిచి చూశాం. అప్పుడు తెలిసింది, హాలు మూలమట్టంలోనే లేదు. ఒక చివర 13.5 అడుగులుంటే ఇంకో చివర అంగుళం తక్కువ. గుమ్మం దగ్గర నిండు టైల్ ఉంచి, ఆ వంకర సోఫా వైపు తోసేస్తున్నాం. రెండు బై నాలుగు, తిన్నగానే. వరండా అమ్మకు వదిలేశాం. రేపు బేతంచెర్ల వెళ్లి బండలు తనే ఏరుకుంటానంటోంది.