సమస్యాపూరణం: "తప్పిపోయిన బిడ్డకై తల్లి మురిసె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి పాదం. దీనిని నాలుగో పాదంగా నిలిపి పై మూడు పాదాలను పూరించాలి. బిడ్డ తప్పిపోతే ఏ తల్లీ మురియదు కనుక ఆ విరోధాన్ని పరిహరించడమే కవి పని. దత్తపదిలో పదాలను ఇచ్చినట్లు ఈసారి స్థలాన్ని ఇస్తున్నాను: బ్యాంకాక్‌లో ఉద్యోగరీత్యా నివసిస్తున్న తెలుగు కుటుంబం ఒకటి శనివారం నాడు చతుచక్ సంతకు వెళ్ళింది. 1982లో సనాం లువాంగ్ మైదానం నుండి ఇక్కడికి తరలివచ్చిన ఈ వారాంతపు సంతలో 27 విభాగాలు, పదివేలకు పైబడిన దుకాణాలు ఉన్నాయి. రేకుల కప్పుల కింద ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు ఒదిగి నిలవక తప్పని సందులు, ఏ సందు చూసినా ఇందాక దాటి వచ్చిన సందులాగానే ఉంటుంది. ఏ ఊరి తిరునాళ్ళకైనా అతికే పద్యం వద్దు.

మొదటి పూరణ (విజయవాడ సభ్యుడు):

కొనుము కొనుమని చెంగును గుంజువాఁడు
తండ్రి వెంటను బోవంగఁ దాను నెమ్మి
బేర మాడఁగ నయ్యెను వీలటంచుఁ
దప్పిపోయిన బిడ్డకై తల్లి మురిసె.

నిర్వాహకుడు: ధార బాగుంది, నవ్వూ వచ్చింది. అయితే తండ్రి వెంట వెళ్ళిన పిల్లవాడు తప్పిపోయినవాడు ఎలా అవుతాడు? సమస్యలోని ముడి విప్పకుండా పక్కనుంచి దాటిపోయినట్లయింది. చెంగు గుంజడం ఏ సంతలోనైనా ఉన్నదే. ఆ గుంజుడు కొబ్బరిచిప్పలో పెట్టి ఇచ్చే ఐస్‌క్రీం కోసమని ఒక్క మాట పడి ఉంటే చతుచక్ కళ్ళకు కట్టేది.

హైదరాబాద్ సభ్యురాలు: మూడో పాదంలో "బే"కూ "వీ"కీ యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన మైత్రి, చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుంది. ప, ఫ, బ, భ అక్షరాలతో వకారానికి మైత్రి ఉంది, ఏత్వానికి ఈత్వంతో పొత్తు ఉంది. ఆ పాదానికి ఏ లోపమూ లేదు.

రెండో పూరణ (గుంటూరు సభ్యురాలు):

ఇఱుకు సందున సరకుల నీడ్చు బండి
మీఁదఁ బడఁబోవఁ బండ్లమ్ము మెలఁత లాగె
ముందుచూపునఁ దన చేత; ముసరు ముప్పు
తప్పిపోయిన బిడ్డకై తల్లి మురిసె.

నిర్వాహకుడు: "ముప్పు"ను మూడో పాదం చివర నిలిపి "తప్పిపోయిన"కు కర్తను చేసిన తీరు అవధానులు మెచ్చే విరుపు. తప్పిపోయింది బిడ్డ కాదు, ముప్పు. సరకులు దించే కూలీలు జనం మధ్యనుంచే తోపుడుబండ్లను నెట్టుకుంటూ పోవడం అక్కడ నిత్యం కనిపించేదే కనుక కల్పన కూడా నేలమీదనే నిలిచింది. "తన చేత" అన్నది మాత్రం గణం నింపడానికి వచ్చిన వ్యర్థపదం. చేతితో కాక మరి దేనితో లాగుతుంది?

గుంటూరు సభ్యురాలు: అంగీకరిస్తున్నాను. మూడో పాదాన్ని ఇలా సవరిస్తున్నాను: "ముందుచూపున వెనుకకు, ముసరు ముప్పు."

నిర్వాహకుడు: ఇప్పుడు గణమూ నిండింది, దృశ్యమూ నిండింది. పిల్లవాడు ఎటు కదిలాడో ఇంతకు ముందు తెలియలేదు.

కొత్త సభ్యుడు (మస్కట్): నేను మొదటి పాదం మాత్రమే రాయగలిగాను: "దారి తెలియక చతుచకు సందులందు."

నిర్వాహకుడు: గణాలు సరిపోయాయి, యతి తప్పింది, "దా"కు "స"తో మైత్రి లేదు. "సందు సందునఁ దిరుగుచుఁ జతుచకందు" అంటే సకార జకారాలకు యతి కుదురుతుంది. సరళాదేశం వల్ల, అంటే సంధిలో చకారం జకారం కావడం వల్ల, సంతపేరు మొదటి అక్షరం మారిందని కంగారు పడవద్దు. థాయివారి ఉచ్చారణలోనూ అది జకారానికి దగ్గరగానే వినిపిస్తుంది.

మూడో పూరణ (బ్యాంకాక్ సభ్యురాలు):

చేయి విడిపోవ నేడ్వక చిన్నవాఁడు
నడిమి గడియారమును జేరి నాన్న కొఱకు
నిలిచి యుండుటఁ గనుఁగొని నేర్పు మెచ్చి
తప్పిపోయిన బిడ్డకై తల్లి మురిసె.

హైదరాబాద్ సభ్యురాలు: గడియారం అనగానే నాకు గోడగడియారమే తోచింది. గోపురమనే మాట ఉండవలసింది.

బ్యాంకాక్ సభ్యురాలు: ఇక్కడ ఉండేవారికి సంత నడుమ ఉన్న గడియారం ఒక్కటే. 1987లో భూమిబల్ రాజు అరవయ్యవ జన్మదినం సందర్భంగా కట్టిన గోపురం అది. మో చిట్ స్టేషన్‌లో రైలు దిగగానే పిల్లలకు మేము మొదట చెప్పే మాట, "మేము కనిపించకపోతే వెతకవద్దు, గడియారం దగ్గరకు వెళ్ళి అక్కడే నిలబడు" అని. తల్లీ తండ్రీ తలో సందులో వెతుకుతూ ఉంటే పిల్లవాడు మూడో సందులోకి వెళ్ళిపోవడమే అసలు ప్రమాదం.

నిర్వాహకుడు: "నడిమి" అన్న విశేషణమే గోపురం పని చేసింది కనుక ఆ పాదాన్ని కదపవద్దు. విరుపు చమత్కారంలో గుంటూరు పూరణదే పైచేయి అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే ఇందులో బిడ్డ నిజంగానే తప్పిపోయాడు, తల్లి నిజంగానే మురిసింది, ఆ రెండింటి నడుమ ఉన్న కారణాన్ని సంతే సమకూర్చింది. గడియారాన్ని తీసేస్తే పద్యం నిలవదు. రెండో పూరణలోని బండిని ఏ బజారుకైనా తోలుకుపోవచ్చు. ఒక్క సందేహం: తల్లి మురిసింది గాని పిల్లవాడు నిలిచింది "నాన్న కొఱకు". అమ్మ కోసం నిలబడలేదేమి?

బ్యాంకాక్ సభ్యురాలు: యతి కోసమండీ. అదీగాక మా ఇంట్లో సంచులు మోసేదీ ఐస్‌క్రీం కొనిపెట్టేదీ వాళ్ళ నాన్నే.

నిర్వాహకుడు: సమాధానం ఒప్పుకున్నాను. మస్కట్ సభ్యుడు మిగిలిన రెండు పాదాలను శుక్రవారం లోపు పంపవలసిందిగా కోరుతున్నాను.