సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎస్టేట్ కారు: కొనేముందు ఏం చూడాలి?

కొత్తబండి_వేట
అందరికీ నమస్కారం. డీజిల్ ఎస్టేట్ (వెనక పొడుగాటి డిక్కీ ఉన్న కారు) ఒకటి చూశాను. తొమ్మిదేళ్ల బండి, మాన్యువల్ గేర్లు, ఒకే ఓనరు, మీటరు 78,000 కిలోమీటర్లు చూపిస్తోంది. సామాను, పిల్లల సైకిళ్లు మామూలు కారులో పట్టడం లేదు, అందుకే ఎస్టేట్ అనుకున్నాను. నేను వెళ్లేసరికే అమ్మే ఆయన ఇంజన్ ఆన్ చేసి ఉంచాడు. సౌండ్ స్మూత్‌గానే ఉంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మాత్రం నల్లగా ఉంది. అదే టెన్షన్. ఇంకా ఏమేం చూడాలి?

స్పానర్_సెట్టు
ముందు ఆయిల్ రంగు సంగతి వదిలేయండి. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని పట్టి ఉంచడం కూడా దాని పనే. చూడాల్సింది లెవెల్. మ్యాక్స్ గీత దాటి ఉండి, డీజిల్ వాసన కొడితే, పొగలోని మసిని పట్టే ఫిల్టరు (డీపీఎఫ్) ఆ మసిని కాల్చుకోవడానికి వదిలిన డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోందని అనుమానించాలి.

మీ పోస్టులో నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది. మీరు వెళ్లేసరికే ఇంజన్ ఎందుకు ఆన్‌లో ఉంది? డీజిల్ లోపాలు సగం చల్లని స్టార్టింగ్‌లోనే బయటపడతాయి. మళ్లీ వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉంటేనే తాళం తిప్పమనండి. స్టార్టర్ చాలాసేపు తిరగకూడదు. తెల్ల పొగ కాసేపు వచ్చి పోతే గ్లో ప్లగ్గుల (చల్లని ఇంజన్ స్టార్టవడానికి లోపల వేడి పుట్టించేవి) మీద అనుమానం, వేడెక్కినా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతుందేమో చూడాలి. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నల్ల పొగ చిమ్మితే టర్బో గొట్టం లీకు, ఈజీఆర్ (కొంత పొగని మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు), ఇంజెక్టర్లు, ఈ మూడూ చూడాలి.

ఇంజన్ ఆపేటప్పుడు గడగడమని కుదిపి ఆగిందా? డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజన్ కుదుపుల్ని గేర్ బాక్స్‌కి చేరకుండా తగ్గించే బరువైన చక్రం) చివరికొచ్చిందేమో. దాన్ని మార్చాలంటే గేర్ బాక్స్ దించాలి, క్లచ్ కూడా అప్పుడే మార్చేయాలి. పెద్ద ఖర్చు. టైమింగ్ బెల్టుకి కిలోమీటర్లతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. 78,000 తిరిగినా తొమ్మిదేళ్ల బెల్టు తొమ్మిదేళ్ల బెల్టే. మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసుకోండి. అది తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి, ఇంజన్ పోయినట్టే.

డిక్కీ_మనిషి
అందరూ ఇంజన్ దగ్గరే ఆగిపోతారు. ఎస్టేట్ కొంటున్నప్పుడు వెనక నుంచి మొదలుపెట్టాలి.

డిక్కీ ఫ్లోర్ ఎత్తి స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టి చూడండి. తడి, తుప్పు, బూజు వాసన ఏదున్నా నీళ్లు దిగుతున్నట్టే. టెయిల్ ల్యాంపుల రబ్బర్లు, రూఫ్ రెయిల్స్ బిగించిన చోట్లు, వెనక అద్దం వాషర్ గొట్టం, సన్‌రూఫ్ ఉంటే దాని డ్రెయిన్లు, వీటిలో ఎక్కడి నుంచైనా రావచ్చు. చాలా బండ్లలో డిక్కీ పక్క గోడల్లో ఎలక్ట్రానిక్ బాక్సులు ఉంటాయి. అవి తడిస్తే లోపం ఒకచోట, లక్షణం ఇంకోచోట.

టెయిల్‌గేట్ (డిక్కీ తలుపు) హింజి దగ్గర రబ్బరు గొట్టంలోంచి పోయే వైర్లు తెరిచి మూసీ మూసీ తెగుతాయి. వెనక వైపరు, డీఫాగర్, నంబర్ ప్లేట్ లైటు, లాక్, అన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. టెయిల్‌గేట్ సగంలో వదిలితే దిగిపోకూడదు.

సస్పెన్షన్ కూడా ముఖ్యం. చాలా మెర్సిడెస్ ఈ-క్లాస్ ఎస్టేట్లకి వెనక ఎయిర్ సస్పెన్షన్ (గాలి నింపిన సస్పెన్షన్) ఉంటుంది. కొన్ని వోల్వోల్లో నీవోమాట్ డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) ఉంటాయి, బరువు వేసి కొంత దూరం నడిపితే అవే బండి వెనక భాగాన్ని పైకి లేపుతాయి. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున వెనక కూర్చుండిపోయిందా చూడండి. ట్రెయిలర్ కొక్కెం ఉన్నా, తీసేసిన బోల్టు రంధ్రాలు ఉన్నా, ఆ బండి క్లచ్ ఎంత బరువు లాగిందో అడగాలి.

తేనెరంగు
నల్ల ఆయిల్ పర్వాలేదు అనడం నేను ఒప్పుకోను. మా కారులో ఆయిల్ ఎప్పుడు చూసినా బంగారంలా ఉంటుంది. అమ్మేముందు ఆయిల్ కూడా మార్చని వాడు ఇంకేం చూసుకుని ఉంటాడు?

స్పానర్_సెట్టు
మీది పెట్రోలా డీజిలా?

తేనెరంగు
పెట్రోల్. అయినా ఆయిల్ ఆయిలే కదా.

స్పానర్_సెట్టు
కాదు సార్. డీజిల్లో మసి ఎక్కువ పడుతుంది. అమ్మేముందు కొత్త ఆయిల్ పోసి మెరిపించిన బండిని చూస్తే నాకు ఇంకా అనుమానం.

చేదు_అనుభవం
ఒకే ఓనరు, తక్కువ కిలోమీటర్లు అని మురిసిపోకండి. నేనూ అదే చూసి కొన్నాను. మెకానిక్‌ని వెంట తీసుకెళ్లాను. ఇంజన్ విన్నాడు, కింద దూరి చూశాడు, "బండి బాగుంది, తీసుకోండి" అన్నాడు. కొన్ని నెలలకే డీపీఎఫ్ లైటు వెలిగింది. తర్వాత బండి పికప్ లేక రోడ్డు మధ్యలో పాకింది. చివరికి ఫిల్టరే మార్చాల్సి వచ్చింది. మొదటి ఓనరుకి అన్నీ తెలుసు, అందుకే వదిలించుకున్నాడు. నన్నడిగితే తక్కువ తిరిగిన డీజిల్ వైపు చూడనే కూడదు.

దారి_పొడుగు
స్టీరింగ్, పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు బాగా అరిగిపోయి మీటరు మాత్రం 78,000 అంటుంటే మీటరు తిప్పారేమోనని అనుమానించాలి. సర్వీసు బిల్లుల మీద రాసిన కిలోమీటర్లు వరసగా పెరిగాయో లేదో కూడా చూడండి.

స్పానర్_సెట్టు
చేదు గారూ, మీరు రోజూ ఎంత దూరం నడిపేవారు?

చేదు_అనుభవం
ఆఫీసుకి, బడికి. అన్నీ దగ్గరే. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

స్పానర్_సెట్టు
ఉన్న సంబంధమంతా అదే. డీపీఎఫ్‌లో చేరిన మసి కాలాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి. బండి ఆగకుండా ఒక స్పీడులో కొంతసేపు పోతేనే ఆ పని పూర్తవుతుంది. దగ్గర దూరాలకి ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తారు. కాల్చడం మొదలవుతుంది, మధ్యలో ఆగిపోతుంది, మసి పేరుకుంటుంది. కొన్ని నెలల్లో నిండింది అంటున్నారు కదా, ఆ నెలల్లో నడిపింది మీరే.

చేదు_అనుభవం
అంటే తప్పు నాదేనా? డబ్బులు పోసింది నేను, రోడ్డు మీద నిలబడింది నేను, చివరికి తప్పు కూడా నాదే! అంతకుముందు ఏళ్ల తరబడి దాన్ని అలాగే దగ్గర దూరాలకి నడిపినవాడు సగం నింపి నాకు అంటగట్టాడు. మీ మెకానిక్కులకి ఇది ఎప్పుడూ కనిపించదు.

డిక్కీ_మనిషి
మధ్యలో ఒకమాట. వేటగారూ, వెనక సీట్లు పూర్తిగా మడిచి ఫ్లోర్ చదునుగా పడుతుందా చూడండి. సైకిల్ తీసుకెళ్లి పెట్టి చూసుకోండి.

స్పానర్_సెట్టు
చేదు గారూ, ముందువాడు నింపింది కనిపిస్తుంది. ఆ బ్రాండుకి సరిపోయే స్కానర్ (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) పెడితే చాలా బండ్లలో మసి ఎంత ఉంది, కాల్చినా పోని బూడిద ఎంత ఉంది, చివరిసారి కాల్చుకుని ఎన్ని కిలోమీటర్లయింది అన్నీ వస్తాయి. మంచి బండి కొన్ని వందల కిలోమీటర్లకోసారి కాల్చుకుంటుంది. మాటిమాటికీ కాల్చుకుంటుంటే ఏదో తేడా ఉన్నట్టే. సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి తిప్పండి. డీపీఎఫ్ ఉన్న బండిలో వేలికి నల్ల మసి దట్టంగా అంటితే ఫిల్టరు పగిలిందో, లోపలిది పీకేశారో. అలా పీకేసిన బండిని కొన్ని దేశాల్లో తనిఖీలో ఫెయిల్ చేస్తారు.

ఇంకొకటి. ముందురోజు ఎర్రర్ కోడ్లు చెరిపేసి చూపించేవాళ్లుంటారు. అలా చెరిపితే రెడీనెస్ మానిటర్లు (బండి తనని తాను చేసుకునే పరీక్షలు) "పూర్తి కాలేదు" అని చూపిస్తాయి. చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా స్కానర్ చెప్పగలదు.

చేదు_అనుభవం
మరి నా మెకానిక్ ఇవేవీ ఎందుకు చూడలేదు?

స్పానర్_సెట్టు
చూడాల్సింది. అది అతని లోపం, నేను వెనకేసుకురాను. కానీ చూసినా "ఈ రోజుకి బాగుంది" అనే చెప్పేవాడు. గంటసేపు చూసినదానికి ఏళ్ల గ్యారంటీ అడుగుతున్నారు మీరు.

చేదు_అనుభవం
గ్యారంటీ నేను అడగలేదు. "మీరు రోజూ ఎక్కడికి నడుపుతారు" అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే చాలు. మీరు నన్ను ఇప్పుడు అడిగిందే. బండి పోయాక అడుగుతున్నారు, కొనేముందు ఎవరూ అడగలేదు.

స్పానర్_సెట్టు
నన్ను బండి చూడమని పిలుస్తారు, మనిషిని కాదు. "ఇది మీకు పనికిరాదు" అంటే చాలామందికి కోపం వస్తుంది. బేరం చెడగొట్టాడంటారు. ఆ మాట అని పని పోగొట్టుకున్నవాణ్ణి నేను.

చేదు_అనుభవం
కోపం వచ్చినా సరే చెప్పాలి. డబ్బు తీసుకునేది దానికే. ఇంజన్ చప్పుడు మంచిదో కాదో కొంతవరకు నేనూ వినగలను. ఈ ఇంజన్ నా రోడ్లకి సరిపడదని చెప్పడానికే కదా తెలిసినవాణ్ణి తీసుకెళ్లేది.

నిదానం
ఈ విషయంలో చేదు గారి వైపే నేను.

తేనెరంగు
నేను స్పానర్ గారి వైపు, ఆయిల్ విషయం తప్ప.

స్పానర్_సెట్టు
సరే. వేటగారూ, అయితే మిమ్మల్నే అడుగుతున్నా. మీ రోజువారీ దూరం ఎంత?

కొత్తబండి_వేట
ఆఫీసు ఆరు కిలోమీటర్లు, అంతా సిగ్నళ్లే. చాలా ఆదివారాలు మాత్రం హైవే మీద ఊరెళ్తాం, వెళ్లడానికే గంటపైన పడుతుంది.

స్పానర్_సెట్టు
ఆ హైవే ప్రయాణం వారం వారం ఉంటే ఆరోగ్యంగా ఉన్న డీపీఎఫ్ నెట్టుకొస్తుంది. కాల్చుకుంటుంటే మధ్యలో ఆపకండి. కంపెనీ చెప్పిన, కాలితే తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే పోయండి. చల్లని స్టార్టింగ్, స్కానర్, బెల్టు బిల్లు, ఈ మూడూ పాసైతే నేనైతే వద్దనను.

చేదు_అనుభవం
నేను వద్దంటాను. ఆదివారం కుదరని వారాలు వస్తాయి. వానలు, జ్వరాలు, పిల్లల పరీక్షలు. అప్పుడు మిగిలేది ఆరు కిలోమీటర్లే. ఇదే సైజులో పెట్రోల్ ఎస్టేట్ వెతకండి. కాస్త ఎక్కువ తాగుతుంది, అంతే.

కొత్తబండి_వేట
ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూపించమని ఇప్పుడే ఫోన్ చేశాను. బ్యాటరీ వీకు, నేనే ముందు స్టార్ట్ చేసి ఉంచుతాను అంటున్నాడు.

స్పానర్_సెట్టు
బ్యాటరీ మనమే తెచ్చి పెడతామని చెప్పండి. దానికీ ఒప్పుకోకపోతే వెళ్లకండి.