అప్‌డేట్: ట్రాయ్ మెక్‌క్లూర్, లయనెల్ హట్జ్ ఏమైపోయారు?

అమెరికన్ కార్టూన్ కామెడీ సిరీస్ ‘ది సింప్సన్స్’ పాత సీజన్లలో అంతగా నవ్వించిన ఈ రెండు పాత్రలూ తర్వాత ఎందుకు కనిపించరని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఇద్దరికీ గొంతు ఒక్కరిదే: ఫిల్ హార్ట్‌మన్. 1998 మే నెలలో ఆయన హత్యకు గురయ్యారు. మరొకరితో అనుకరింపజేయకుండా రెండు పాత్రలనూ విరమింపజేశారు. టీచర్ ఎడ్నా క్రబాపెల్ విషయంలోనూ అంతే. 2013లో ఆమెకు గొంతిచ్చిన మార్షా వాలెస్ మరణించాక ఆ పాత్రను ఆపేశారు.

ఇది తెలిశాక రెండో సీజన్ నుంచి మళ్లీ చూస్తున్నాను. నీళ్లలో వేస్తే స్పంజిగా మారే విజిటింగ్ కార్డు ఇచ్చే లాయరు హట్జ్! నా ఓటు ఇప్పటికీ అతనికే. ఫలానా సినిమాల్లో నన్ను చూసే ఉంటారంటూ మొదలుపెట్టే మెక్‌క్లూర్ అతని తర్వాతే.

సృష్టికర్తల గురించి కూడా ఒకరు రాశారు. పేరంతా మ్యాట్ గ్రోనింగ్‌దే అయినా, 1989లో సిరీస్ మొదలైనప్పుడు జేమ్స్ ఎల్. బ్రూక్స్, శామ్ సైమన్ కూడా దాన్ని రూపొందించడంలో భాగస్వాములు. సైమన్ 1993లోనే తప్పుకున్నారు. ఆ తర్వాతా రాయల్టీ వస్తూనే ఉంది. అందులో చాలా భాగం జంతు సంరక్షణకు ఇచ్చి, 2015లో కన్నుమూశారు. (ఆయన మీద ఎవరైనా సినిమా తీయాలి.)

సిరీస్‌లోని ఫ్లాండర్స్, లవ్‌జాయ్, క్విమ్బీ పాత్రల పేర్లు గ్రోనింగ్ స్వస్థలం, అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఉన్న వీధుల పేర్లట. అక్కడ ఉంటున్నవారెవరైనా ఉంటే ఆ వీధి బోర్డుల ఫొటోలు పెట్టగలరా?