అమ్మాయిని బీఎఫ్ఏలో చేర్పించాలా? బొమ్మలు వేసుకుని బతకడం అయ్యే పనేనా?

ఏడురోడ్ల పెయింటర్ (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ పాసయింది. మామూలు డిగ్రీ వద్దు, బీఎఫ్ఏ పెయింటింగ్, అంటే చిత్రకళలో డిగ్రీ, చదువుతానని పట్టుబట్టి కూర్చుంది. నాలుగేళ్ళ కోర్సు, వైజాగ్‌లో ఉండి చదవాలి. నేను వద్దంటున్నాను. ఇరవై రెండేళ్ళు బ్రష్షుతోనే బతికినవాణ్ణి కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుందనుకుంటున్నాను.

షాపు బోర్డులు, లారీల వెనక అక్షరాలు, ఎన్నికల గోడలు, గుళ్ళో దశావతారాలు, అన్నీ రాశాను. రేకుకి ముందు రోజే తెల్ల ఎనామిల్ పూసి ఆరబెట్టాలి. నీలం అద్దిన దారం ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి వదిలితే గీత పడుతుంది. చేతికింద కర్ర ఆనించి, ఊపిరి బిగబట్టి తలకట్టు ఒక్క తిప్పులో తిప్పాలి. మధ్యలో ఆగితే అతుకు కనిపిస్తుంది. ఫ్లెక్సీలు వచ్చాక రెండేళ్ళలో అదంతా పోయింది. ఇప్పుడు ఇళ్ళకు రంగులు వేస్తున్నాను, అడుగుల లెక్కన కూలి.

మా అమ్మాయి చెయ్యి నాకంటే మంచిది. ఆ సంగతి తెలుసు కాబట్టే ఈ భయం. డబ్బున్న ఇళ్ళ పిల్లలకే చిత్రకళ అని నా నమ్మకం. తప్పయితే చెప్పండి.

గంటస్తంభం (విజయనగరం):
అన్నా, నీ నమ్మకంలో తప్పేమీ లేదు. రవివర్మ కేరళలోని కిళిమానూరులో రాజబంధువుల ఇంట్లో పుట్టాడు. అంతటివాడు కూడా 1894లో పెట్టిన, రంగుల బొమ్మలు అచ్చువేసే ప్రెస్సు అప్పుల్లో కూరుకుపోయి అమ్మేసుకున్నాడు. డచ్ చిత్రకారుడు వాన్‌గోకి తమ్ముడు థియో నెలనెలా డబ్బు పంపకపోతే రంగులు కొనే దిక్కు లేదు. వెనక ఆస్తి అయినా ఉండాలి, పోషించే మనిషైనా ఉండాలి. నీకు రెండూ లేవు. బీకాం చదివించు, ఉద్యోగం వచ్చాక ఆదివారాలు బొమ్మలు వేసుకుంటుంది. నేను బ్యాంకులో పనిచేస్తూ ఇరవయ్యేళ్ళుగా అలాగే వేసుకుంటున్నాను.

డ్రాయింగ్ మాస్టారు (బొబ్బిలి):
గంటస్తంభం గారూ, మీరు ఇద్దరి పేర్లు చెప్పారు. నేనూ కొన్ని చెబుతాను.

పేరున్న శిల్పి, చిత్రకారుడు రాంకింకర్ బైజ్ బెంగాల్లోని బాంకురాలో క్షౌరవృత్తి చేసుకునే ఇంట్లో పుట్టాడు. కుర్రాడిగా స్వాతంత్ర్య ఉద్యమం పోస్టర్లు వేస్తుంటే రామానంద చటర్జీ అనే సంపాదకుడు చూసి 1925లో శాంతినికేతన్‌లో, ఠాగూర్ పెట్టిన బడిలో చేర్చాడు. ఎం.ఎఫ్. హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసుకుని బతికాడు. ఏడురోడ్ల అన్నా, అది నువ్వు చేసిన పనే. మనవైపే వద్దాం. చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య 1921లో మీ శ్రీకాకుళంలోనే పుట్టారు. ఆయన ఆస్తిపరుల బిడ్డ కాదు. ఆర్ట్ కాలేజీ చదువూ లేదు. తండ్రి దగ్గరే బొమ్మలు నేర్చుకుని, కశింకోటలో ఉండి తెలుగు ఇళ్ళన్నింటికీ బొమ్మలు పంపారు.

అయితే కాలేజీ అక్కర్లేదని నేను అనను. రాజమండ్రిలో దామెర్ల రామారావు బొమ్మలు వేస్తుంటే అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే చూసి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి పంపాడు. పాపం, 1925లో మశూచి సోకి 28 నిండకుండానే పోయాడు, అది వేరే దుఃఖం. వీళ్ళలో చాలామందికి, బొమ్మ విలువ తెలిసిన ఒక మనిషి సమయానికి ఎదురుపడ్డాడు. పాపయ్య గారికి ఆ మనిషి ఇంట్లోనే ఉన్నాడు. అన్నా, ఇరవై రెండేళ్ళలో నీ దశావతారాల ముందు నిలబడి, ఈ చెయ్యి ఎందుకు బాగుంది, ఈ మెడ ఎందుకు తప్పింది అని నీకు చెప్పినవాడు ఒక్కడైనా ఉన్నాడా? కాలేజీలో దొరికేది అదే. చెయ్యి తిరగడం ఇంట్లోనూ వస్తుంది.

గంటస్తంభం (విజయనగరం):
మాస్టారూ, మీరు చెప్పినవన్నీ గెలిచినవాళ్ళ పేర్లు. హుస్సేన్ పక్కన హోర్డింగులు వేసిన మిగతావాళ్ళ పేర్లు మనలో ఎవరికి తెలుసు?

సీతంపేట టీచరమ్మ (పార్వతీపురం మన్యం):
మాది కొత్త జిల్లా, 2022 దాకా మేమూ శ్రీకాకుళమే. ఎవరో వచ్చి చూడాలి, చేయి పట్టుకుని తీసుకెళ్ళాలి అనే మాట నాకు మింగుడు పడదు మాస్టారూ. ఇక్కడ సవర గిరిజనుల ఇళ్ళలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో మనుషుల్ని, చెట్లని, నెమళ్ళని వేస్తారు. మొదట్లో అది పెద్దలకీ దేవతలకీ చేసే పూజలో భాగం. ఇప్పుడు అదే బొమ్మ బట్టల మీదకి, కాగితం మీదకి వచ్చింది. వేసినామె పేరు మాత్రం దాని మీద ఉండదు, "సవర బొమ్మ" అని అమ్మేస్తారు.

మధ్యప్రదేశ్‌లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే గోండు గిరిజన కుర్రవాడి గోడబొమ్మ చూసి భోపాల్‌లోని భారత్ భవన్ అనే కళాకేంద్రం వాళ్ళు 1980ల్లో పిలుచుకెళ్ళారు. పారిస్ దాకా వెళ్ళాడు. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేయడానికి వెళ్ళి, అక్కడే ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి నలభై ఏళ్ళు లేవు. ఆ కుర్రాడి గురించి చదివినప్పటి నుంచి నా దగ్గర బొమ్మలు వేసే గుంటలకి ముందు ఒకటే నేర్పుతున్నాను: బొమ్మ కింద సంతకం పెట్టు, ధర నువ్వే చెప్పు, కాగితం చదవకుండా వేలు వేయకు. అన్నా, మీ అమ్మాయి చదువుకుంటే ఇవన్నీ సొంతంగా చూసుకోగలదు. నేను చేర్పించమనే అంటాను, కానీ కారణం మాస్టారిది కాదు.

రంగులపెట్టె (ఆమదాలవలస):
నేను బీఎఫ్ఏ చేశాను, కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. కోర్సయ్యాక మొదటి రెండేళ్ళు నరకం చూశాను. పెళ్ళిళ్ళ స్టేజీలకు థర్మోకోల్ కోశాను. తరవాత పిల్లల పుస్తకాలకి బొమ్మలు దొరికాయి, ఇప్పుడు దాని మీదే ఇల్లు నడుస్తోంది. నా క్లాసువాళ్ళు కొందరు యానిమేషన్‌లో, కొందరు సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో, కొందరు స్కూళ్ళలో ఉన్నారు. పెయింటింగులు అమ్ముకునే బతుకుతున్నది ఒక్కడే. బాబాయ్, అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, పుస్తకాల డిజైన్ లాంటి పనులకి పనికొచ్చే బొమ్మల చదువు) తీసుకోమనండి, పని తొందరగా దొరుకుతుంది. ఇంకోటి, ఫీజు కోసం వడ్డీకి మాత్రం తేవద్దు. స్కాలర్‌షిప్ సంగతి ముందే కనుక్కోండి. అప్పు నెత్తిమీదుంటే ఏ బొమ్మా సరిగ్గా రాదు, అది నేను పడ్డాను.

గంటస్తంభం (విజయనగరం):
అప్పు విషయంలో రంగులపెట్టె మాటతో ఏకీభవిస్తాను. మిగతా విషయాల్లో నా మాట నాదే. మన విజయనగరంలో సంగీతానికి 1919లోనే కాలేజీ పెట్టారు. బొమ్మలకీ అలాంటిది మీ ఊళ్ళోనే ఉండుంటే మీ అమ్మాయి ఇంటి అన్నం తిని చదువుకునేది, నేనూ ఇంత గట్టిగా వద్దనను.

ఏడురోడ్ల పెయింటర్ (శ్రీకాకుళం):
అందరివీ రెండుసార్లు చదివాను. మాస్టారూ, మీరడిగిన ప్రశ్నకు జవాబు లేదు. ఎవరూ చెప్పలేదు. బాగుంది అనేవారు, డబ్బులిచ్చేవారు, అంతే.

నిన్న పాత రేకు ఒకటి దించి, ఏదైనా వెయ్యమ్మా, చూస్తాను అన్నాను. మా వీధి చివర కిళ్ళీకొట్టు వేసింది. నీడకు నలుపు వాడలేదు, నీలంలో కొంచెం ఎరుపు కలిపి వేసింది. ఇదేటమ్మా, నీడ ఇలా ఉంటుందా అన్నాను. మధ్యాహ్నం వీధిలోకి వచ్చి చూడు నాన్నా అంది. ఈరోజు పన్నెండింటికి వెళ్ళి నిలబడ్డాను. అలాగే ఉంది. ఇన్నేళ్ళూ నేను నీడంటే నలుపే వేశాను.

ఇంకా సరే అనలేదు. వాళ్ళమ్మకి హాస్టలంటే టెన్షన్. కానీ ప్రవేశ పరీక్షకు ఏం సాధన చేయాలో చెప్పండి మాస్టారూ, అప్లికేషన్ వరకూ పెట్టిస్తాను.

డ్రాయింగ్ మాస్టారు (బొబ్బిలి):
హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్ళు కొను. రోజూ ఒక వస్తువు ఎదురుగా పెట్టుకుని గీయమను, ఫోన్లో ఫొటో చూసి గీయడం వద్దు. చెంబు, చీపురు, చెప్పుల జత, ఏదైనా సరే. మనిషి బొమ్మకి నువ్వే కూర్చో, పావుగంట కదలకుండా. ఆదివారం మీ ఇద్దరూ బొబ్బిలి రండి, వేసినవన్నీ తీసుకురండి. ఆ రేకు కూడా.