పది కిలోమీటర్ల గిరిలో చిక్కిన నెగెటివ్ ఫారాలు: రాకపోకలు ఎంతవరకు ఆపాలి?

లేయర్ రైతు, తణుకు ప్రాంతం

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ చనిపోయిన కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకిందని భోపాల్ ప్రయోగశాల నిర్ధారించింది. రోగం తేలిన చోటు చుట్టూ అధికారులు రెండు గిరులు గీస్తారు: కిలోమీటరు లోపలి కోళ్లను చంపుతారు, పది కిలోమీటర్ల లోపల కోళ్ల, గుడ్ల రాకపోకలు ఆపుతారు. అప్పుడు మా ఫారం కిలోమీటరు గీతకు బయట, పది కిలోమీటర్ల గీతకు లోపల పడింది. కిలోమీటరు లోపలి కోళ్లను చంపి పూడ్చడంపై నాకు పేచీ లేదు. మా నమూనాలు నెగెటివ్ వచ్చాక కూడా గుడ్డు గేటు దాటకపోవడమే నా బాధ.

ఈ పని తెలియనివారి కోసం లెక్క చెబుతాను. 50 వేల లేయర్లు రోజుకు సుమారు 45 వేల గుడ్లు పెడతాయి. ట్రేకు 30 చొప్పున అవి 1,500 ట్రేలు. అవే కోళ్లు రోజుకు ఐదున్నర టన్నుల మేత తింటాయి. గుడ్లు పెట్టడం ఆపమని కోడికి నోటీసు ఇవ్వలేం కదా! గుడ్ల గది వారం తిరగకుండానే నిండిపోతే, మేత గోదాములో మొక్కజొన్న బస్తాలు ఒక పక్కకు జరిపి ట్రేలు పేర్చుకున్నాం. కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించే పరిహారం చంపిన కోడికి, ధ్వంసం చేసిన గుడ్డుకు, మేతకు మాత్రమే వర్తిస్తుంది. అమ్ముకోలేక పాడైన గుడ్డు ఆ లెక్కలోకి రాదు. కాబట్టి నెగెటివ్ వచ్చిన ఫారాల గుడ్డును పర్మిట్ మీద కదలనివ్వాలన్నది నా వాదన.

విశ్రాంత పశువైద్యుడు

మీ లెక్కతో నాకు తగాదా లేదండి. అయితే నెగెటివ్ కాగితం ఆ రోజు, ఆ కోళ్ల నుంచి తీసిన స్వాబుల సంగతే చెబుతుంది. వైరస్ లోపలికి వచ్చాక మందలో లక్షణాలు బయటపడటానికి రెండు వారాల వరకు పట్టవచ్చని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ లెక్క వేసుకుంటుంది. పైగా మన రైతులు మొదటి రెండు మూడు రోజుల మరణాలను కొక్కెర తెగులనుకుని టీకాలు, మందులు వాడుతూ ఉండిపోతారు. ఈ వ్యవధిలోనే సరుకు బయటికి పోతుంది. నేను ఉద్యోగంలో ఉండగా చూసిన ఫారాలలో సగానికి పైగా ఇదే తంతు.

యూరప్‌లో రోగం తేలిన చోటు చుట్టూ 3 కిలోమీటర్ల మేర కనీసం 21 రోజులు, 10 కిలోమీటర్ల మేర కనీసం 30 రోజులు ఆంక్షలు ఉంటాయి. కాకపోతే, మీరు అడుగుతున్న పర్మిట్ పద్ధతి అక్కడ ఉన్న మాట నిజమే. తనిఖీ జరిగిన ఫారం నుంచి, శుభ్రం చేసిన వాహనంలో, చెప్పిన దారిలో, చెప్పిన చోటికే గుడ్డు వెళుతుంది. మన దగ్గర మొత్తం ఆపడమో, మొత్తం వదిలేయడమో తప్ప మధ్యేమార్గం అరుదు.

అసలు వైరస్ కిలోమీటర్లు కొలుచుకుంటూ నడవదు. అది రెట్ట అంటిన అట్ట ట్రే మీద, మేత సంచి మీద, కోడిపెంట ఎత్తే లారీ టైరు మీద, నాలుగు ఫారాలు తిరిగే కూలీ చెప్పు మీద ప్రయాణిస్తుంది. గోదావరి జిల్లాల్లో ఆ పెంట చేపల చెరువులకూ వెళుతుందన్నది మనందరికీ తెలుసు. అందుకే మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఖాళీ ట్రేలు ఎక్కడి నుంచి తిరిగి వస్తాయి?

చికెన్ షాపు యజమాని

ఫారం గోడు అందరూ రాస్తున్నారు కనుక మా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 2024లో నెల్లూరు జిల్లాలో రోగం బయటపడినప్పుడు 10 కిలోమీటర్ల పరిధిలో మూడు రోజులు, కిలోమీటరు పరిధిలో మూడు నెలలు షాపులు మూయమన్నారు. మూడు రోజులు ఓర్చుకోవచ్చు. మూడు నెలల అద్దె ఎవరు కడతారు? 70 డిగ్రీల వేడికి మాంసం పూర్తిగా ఉడికితే వైరస్ చనిపోతుందని అధికారులే చెబుతారు. మరుసటి ఏడాది తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆంధ్రా కోళ్ల లారీలను వెనక్కి పంపుతున్న దృశ్యాలు టీవీలో చూశాక ఆ మాట వినేవాడు లేడు.

చేపల చెరువు రైతు, ఉంగుటూరు వైపు

గిరి ఎంత పెద్దది గీస్తే దాటే దొంగదారులు అన్ని ఎక్కువవుతాయి. ఆ రోజుల్లో మా కాలువ గట్టున సంచుల్లో కట్టిపడేసిన చచ్చిన కోళ్లను నేను కళ్లారా చూశాను. పరిహారం బతికుండగా చంపిన కోడికే గాని రోగంతో చచ్చిన కోడికి రాదు. ఈ నిబంధన ఉన్నది రైతు త్వరగా చెప్పాలని అంటారు; చెప్పడం ఆలస్యమైన రైతుకు మాత్రం అది దాచిపెట్టమనే సలహాగానే పనిచేస్తుంది. చచ్చినవాటికీ కొంతైనా ఇచ్చి, గోతిలో సున్నం వేసి పూడ్పించడం చవక కాదా?

విశ్రాంత పశువైద్యుడు

చచ్చినవాటికీ సమానంగా ఇస్తే వారం ఆగి చెప్పేవారు పెరుగుతారని నా భయం. ఫోన్ చేసిన రోజును బట్టి తగ్గుతూ పోయే పరిహారమైతే ఒప్పుకుంటాను.

లేయర్ రైతు, తణుకు ప్రాంతం

డాక్టరు గారి ట్రేల ప్రశ్నకు రెండు రోజులు ఆలోచించి జవాబు రాస్తున్నాను. మాకు వచ్చే ఖాళీ ట్రేలు వ్యాపారి లారీలోనే వస్తాయి. అదే లారీ ఉదయం నుంచి నాలుగైదు ఫారాలు తిరుగుతుంది. ఆ వరుసలో కిలోమీటరు గీత లోపలి ఫారం కూడా ఒకటి ఉందని డ్రైవరును అడిగితే ఇప్పుడు తెలిసింది. నేను గేటు దగ్గర మందు నీళ్ల గుంట కట్టించాను గాని, ట్రే ఎవరి షెడ్డులో పడుకుని వచ్చిందో ఒక్కనాడూ అడగలేదు.

2023లో మన దేశం 26 కోళ్ల కంపార్ట్‌మెంట్లను, అంటే రోగం చొరబడకుండా ఒకే కట్టుదిట్టం కింద నడిచే ఫారాలను, బర్డ్ ఫ్లూ లేనివిగా ప్రకటించుకుంటే ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ఆమోదించింది. అవి మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్‌లలోనివి. దేశంలోకెల్లా ఎక్కువ గుడ్లు పెట్టే మన రాష్ట్రానిది ఆ జాబితాలో ఒక్కటీ లేదు. కాకులు, కొంగలు వాలే తెరిచిన షెడ్లతో మనం ఆ స్థాయికి ఇప్పట్లో చేరలేమని నాకూ తెలుసు. అయినా పర్మిట్ అడిగే హక్కు రావాలంటే ట్రేల లెక్కతో మొదలుపెట్టక తప్పదు. మా ఫారానికి విడిగా కడుక్కునే ప్లాస్టిక్ ట్రేలు కొని, లారీని గేటు బయటే ఆపి ఎక్కిస్తామని వ్యాపారికి చెప్పాను. ఆయన గుడ్డుకు రెండు పైసలు తగ్గిస్తానంటున్నాడు.