ఫ్లోర్ హీటింగ్ పైపులకి ప్రెషర్ టెస్ట్: గాలితోనా, నీళ్లతోనా?

కొత్తనేల:
కింది అంతస్తంతా ఫ్లోర్ హీటింగ్ (వేడి నీళ్లతో నేలని వెచ్చబరిచే) పైపులు పరిచేశారు, 16 ఎంఎం పెక్స్ (ప్లాస్టిక్ పైపు). వచ్చే వారం పైన స్క్రీడ్ (పైపుల్ని కప్పేసే గచ్చు పొర) పోస్తారు. ప్లంబర్ ఏమో కంప్రెసర్ తగిలించి గాలితో టెస్ట్ చేసేద్దాం, నీళ్ల గొడవ ఎందుకు అంటున్నాడు. కిటికీలు ఇంకా పెట్టలేదు, రాత్రిళ్లు సున్నా కిందికి పోతోంది, అదీ అతని వాదన. నేను చదివిన చోటల్లా నీళ్లు, 6 బార్ (ప్రెషర్ కొలత) అనే ఉంది. స్క్రీడ్ పడ్డాక లీక్ బయటపడితే నేల పగలగొట్టడమేగా, అందుకే టెన్షన్. ఎవరి మాట వినాలి?

పైపుపని:
నా ఓటు నీళ్లకే. 16 ఎంఎం పైపు 100 మీటర్ల లూపులో (ఒక చుట్టులో) పట్టేది దాదాపు 11 లీటర్లు. నీళ్లు నొక్కితే కుంచించుకుపోవు కాబట్టి అందులోంచి నాలుగు చెంచాలు కారినా గేజ్ సూది బాగా దిగిపోతుంది, అదే గాలి అయితే సూది అంత దిగాలంటే లీటర్ల లెక్కన పోవాలి. ఇక రెండోది, నాకు అసలు భయం అదే: నొక్కిపెట్టిన గాలిలో బోలెడంత శక్తి ఉంటుంది. 6 బార్ నీళ్లలో ఫిట్టింగ్ ఊడితే కాస్త చిమ్మి ఆగిపోతుంది, 6 బార్ గాలిలో ఊడితే అది ఎగిరొచ్చి ఎవరి ముఖానికైనా తగలచ్చు. ఫ్లోర్ హీటింగ్‌కి ఉన్న ఈఎన్ 1264 అనే యూరప్ ప్రమాణంలో చెప్పింది 4 నుంచి 6 బార్, స్క్రీడ్ పోసేటప్పుడు కూడా ప్రెషర్ ఉంచాలి. ఆ అంకె చూసి కంప్రెసర్‌తో 6 బార్ ఎక్కించకండి.

చలిచోటు:
పైన చెప్పింది నిజమే కానీ గడ్డకట్టే సంగతి వదిలేశారు. సున్నా కిందికి పోయే ఇంట్లో నీళ్లు నింపి వదిలేస్తే మానిఫోల్డే (లూపులన్నీ కలిసే చోటు) పగలచ్చు. టెస్ట్ అయ్యాక నీళ్లు తీసేద్దాం అంటారా, నేల మీద పడుకున్న లూపులోంచి నీళ్లు వాటంతటవి రావు, ఒక్కో లూపునీ గాలి కొట్టి ఊదాల్సిందే, అయినా కొంత మిగులుతుంది. కాబట్టి మీ ప్లంబర్ మాట మరీ తీసిపారేయాల్సింది కాదు. చేసే పద్ధతి మాత్రం ఉండాలి. ముందు 150 మిల్లీబార్ (0.15 బార్) దగ్గర ఆపి, సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టు ప్రతి జాయింటుకీ నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి (గిన్నెల సబ్బు వద్దు, కొన్ని ప్లాస్టిక్ భాగాలకి పగుళ్లు తెస్తుంది, లీక్ స్ప్రే కొనండి). అవన్నీ బాగుంటేనే మెల్లగా ఎక్కించండి, అదీ 3 బార్ దాటకుండా, ఆ సమయంలో గదిలో ఎవరూ లేకుండా. మానిఫోల్డ్ మీద ఆటోమేటిక్ ఎయిర్ వెంట్ (గాలిని దానంతటదే బయటికి వదిలేది) ఉంటే ముందే దాని మూత బిగించండి, లేదంటే గాలి దానిలోంచే పోతుంది, మీరేమో లీక్ కోసం ఇల్లంతా వెతుక్కుంటారు.
ఇంకోటి, సాయంత్రం 20 డిగ్రీల్లో 3 బార్ పెట్టి తెల్లారి 5 డిగ్రీల్లో చూస్తే లీకేమీ లేకపోయినా గేజ్ 2.8 చూపిస్తుంది. కంగారుపడకండి, టెంపరేచర్ కూడా రాసి పెట్టుకోండి.

కొత్తనేల:
థాంక్సండీ ఇద్దరికీ. నీళ్లలో గ్లైకాల్ (గడ్డకట్టకుండా కలిపే ద్రవం) కలిపి టెస్ట్ చేస్తే రెండు బాధలూ తీరవా?

పైపుపని:
తీరతాయి, చలికి సరిపడా మోతాదులో ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపితే. తర్వాత మామూలు నీళ్లతో నడపాలనుకుంటే మాత్రం ఒక్కో లూపునీ విడిగా కడిగేయాలి. బాయిలర్‌నో హీట్ పంప్‌నో టెస్టుకి ముందు వాల్వుతో వేరు చేయండి, బాయిలర్‌లో సేఫ్టీ వాల్వు సాధారణంగా 3 బార్‌కే తెరుచుకుంటుంది. మొదట ప్రెషర్ కొంచెం పడితే అది లీకే కానక్కర్లేదు, పెక్స్ పైపు సాగుతుంది, మళ్లీ పంపు కొట్టి అప్పుడు నిలబడుతుందో లేదో చూడాలి. మీరు పోసేది పల్చటి లిక్విడ్ స్క్రీడ్ అయితే గాలి ఉన్న పైపు నీళ్లున్న దానికన్నా ఎక్కువ తేలుతుంది, క్లిప్పులు దగ్గర దగ్గరగా కొట్టించండి.

చలిచోటు:
స్క్రీడ్ వాళ్లు వచ్చే రోజు గేజ్ వాళ్ల కళ్లెదుటే ఉండేలా పెట్టండి. ఎవడైనా పార పోటు పొడిస్తే సూది పడగానే పని ఆపించి, తడి మీదే తవ్వి జాయింట్ వేసేయొచ్చు.