ఏఐకి ఆటవెలది నడక అందడం లేదు, లోపం ఎక్కడ?

మూడు వారాలుగా ఒక ఏఐ చాట్‌బాట్‌తో ఆటవెలది పద్యం రాయించాలని చూస్తున్నాను. భావం బాగానే అల్లుతోంది, గణాల దగ్గరే, అంటే గురువులు (దీర్ఘంగా పలికే అక్షరాలు), లఘువులు (పొట్టిగా పలికేవి) కలిసే గుంపుల దగ్గరే తప్పుతోంది. నిన్న రాత్రి ఇచ్చిన మొదటి పాదం ఇది:

అమ్మ మనసు వెన్న కన్నా మెత్తన

అమ్మ, మనసు, వెన్న: మూడూ సూర్యగణాలే, బాగుంది. తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. 'కన్నా మె' మూడూ గురువులే, అంటే మగణం, అది ఇంద్రగణం కాదు. చివర రెండు లఘువులే మిగిలాయి. నాలుగో గణం మొదట ఉన్న 'క'కు, పాదం మొదట ఉన్న 'అ'కు యతి (అక్షరాల పొత్తు) కూడా కుదరదు. అయినా గణాలు, యతి సరిపోయాయని ధీమాగా చెబుతోంది. నాకు బాధగా ఉన్నది ఆ ధీమా చూసే.

నియమాలన్నీ రాసిచ్చాను. సరైన పద్యాలు 5 చూపించాను. గురులఘువులు గుర్తించమంటే 'న్నా'ను లఘువు అంది. తప్పు చూపితే క్షమించమని మళ్లీ అదే చేసింది. ఇంగ్లిష్‌లో అడిగినా అంతే. 20 సార్లు రాయిస్తే ఒక్క పద్యంలోనూ నాలుగు పాదాలు నిలవలేదు.

1997లో చదరంగంలో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌నే కంప్యూటర్ ఓడించింది, ఇది మాత్రం పద్యం దగ్గర తడబడుతోంది. పద్యాలు వింటూ పెరిగిన పిల్లలైతే గణాల పేర్లు తెలియకపోయినా నడక తప్పితే పట్టేస్తారు. ఈ చాట్‌బాట్‌ల వెనక ఉండే భాషా మోడళ్లు తెలుగు పదాలను ముక్కలుగా విడగొట్టి చదువుతాయని మాత్రం తెలుసు.

భాషా మోడళ్ల మీద పనిచేసినవాళ్లు చెప్పండి: గురులఘువులు గుర్తించిన పద్యాలు వేలల్లో నేర్పితే ఇది మన చెవిలా నడక పట్టగలదా, లేక ఆ ముక్కలుగా చదివే పద్ధతే అడ్డా?